ద్రాక్షతోట షెడ్డులో రెండు గిటార్లు

శామీర్‌పేటలో జాజ్ గిటార్ వాయించి బతికానంటే మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ నమ్మరు. పూర్తిగా దానిమీదే బతికానని నేనూ అనను. వారమంతా మేడ్చల్‌లో మోటార్ వైండింగ్ దుకాణం, ఆదివారం గిటార్. చాలా ఏళ్ళు అలాగే గడిచింది. ఇప్పుడు రెండూ మానేశాను.

ఈ మధ్య గుండ్లపోచంపల్లి నుంచి, బహదూర్‌పల్లి నుంచి గిటార్ నేర్చుకుంటున్న పిల్లలు వచ్చి కూర్చుంటున్నారు. హోటళ్ళలో, రిసార్టుల్లో వాయించే పనిలోకి రావాలని వాళ్ళ కోరిక. ఏ గిటార్ కొనాలి, ఏ తీగలు వెయ్యాలి అని అడుగుతారు. అవి గిటార్లు అమ్మేవాడే చెబుతాడు. అతను చెప్పలేనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

పని ఎలాంటిదంటే

మొదట తెలుసుకోవలసింది, మన కోసం ఎవరూ రారు. రిసార్టుకు జనం తినడానికి, చెరువు చూడడానికి, పిల్లలను ఊయలలో ఊపడానికి వస్తారు. లాన్ మీద ఒక మూల మనం ఉంటాం. మా బ్యాండులో అందరం తెల్ల చొక్కాలు వేసుకునేవాళ్ళం. ఆ చొక్కా చూసి నా దగ్గరికి వచ్చి పెరుగన్నం అయిపోయిందని చెప్పినవాళ్ళు ఉన్నారు. మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత వంటవాళ్ళతో స్నేహమైంది, వాళ్ళకు చేరవేసేవాణ్ణి.

లీడర్ల గురించి కూడా చెప్పాలి. నేను మొదట చేరింది సికింద్రాబాద్‌లో ఒక హోటల్ బ్యాండులో. అక్కడి లీడరు మంచి విద్వాంసుడే, కాని ఎవరు తప్పు వాయించినా స్టేజీ మీదే తల తిప్పి వాళ్ళను చూసేవాడు. ఆ చూపుకు భయపడి మేమంతా తెలిసినవే వాయించేవాళ్ళం, కొత్తది ఎవరూ ముట్టుకునేవారు కాదు. తర్వాత శామీర్‌పేట రిసార్టులో దొరికిన ఆల్బర్ట్ మాస్టర్ వేరే రకం. యాప్రాల్ మనిషి, కీబోర్డు వాయించేవాడు. తప్పు పోతే చూసేవాడు కాదు. సామాను సర్దుకునేటప్పుడు పక్కకొచ్చి, "నర్సింగ్, రెండో పాటల నువ్వు ఏడికి పోయినవ్ భై? నేను నీ కోసం చౌరస్తా కాడ నిలబడ్డ" అనేవాడు. అంతే. మీకు ఇద్దరిలో ఎవరు దొరుకుతారో మీ చేతిలో ఉండదు. రెండో రకం దొరికితే వదులుకోవద్దు.

నాకు సంగీతం చదవడం రాదు. ఒక పాత గిటారు చేతికొచ్చాక లెక్క పెట్టుకుంటూ నేర్చుకున్నాను. వైండింగ్ పనిలో కాయిల్‌కు ఎన్ని చుట్లు చుట్టామో మనసులో లెక్క తప్పకూడదు. ఆ అలవాటే గిటార్ మీదికీ వచ్చింది. గిటార్ మెడకు అడ్డంగా ఉండే మెట్లు ఫ్రెట్లు, అవి పన్నెండు దాటితే మళ్ళీ మొదటి స్వరమే వస్తుంది, అంటే లోకంలో ఉన్నవి పన్నెండే. పన్నెండును ఎన్ని రకాలుగా పంచుకోవచ్చో, అదే నా సంగీత శాస్త్రం.

కాలిన మోటారు

తొంభైల్లో మేడ్చల్, శామీర్‌పేట మధ్య ద్రాక్ష తోటలు చాలా ఉండేవి. వాటిలో ఒక తోట నుంచి బోరు మోటారు కాలిపోయిందని కబురొస్తే వెళ్ళాను. మోటారు విప్పి చూస్తుంటే ప్యాకింగ్ షెడ్డులోంచి గిటార్ వినబడింది. పనిముట్లు అక్కడే పెట్టి తలుపు దాకా నడిచాను.

లోపల పెట్టె మీద నా వయసు మనిషి కూర్చుని వాయిస్తున్నాడు. చేతులు మణికట్టు దాకా నీలంగా ఉన్నాయి. ద్రాక్ష తీగలకు కొట్టే మందులో మైలుతుత్తం కలుపుతారు, ఆ రంగు. ఆ తోట ఇద్దరు అన్నదమ్ములది. ఇతను చిన్నవాడు, మాధవరెడ్డి.

"మోటార్ అయిందా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"కాలే పటేలా. కాయిల్ మొత్తం పోయింది. మీరు ఇప్పుడు వాయించిండ్రు చూడు, ఐదో ఫ్రెట్ కాడ ఒక్క వేలు జరిపి... గదేంది?"

అప్పుడు తల ఎత్తాడు. "నువ్వు వాయిస్తవా?"

"వారానికోసారి. రిసార్ట్ల."

"ఏం వాయిస్తరు ఆడ?"

"వాళ్ళు తినుడు షురూ చేసేదాక జాజ్. షురూ అయినంక సినిమా పాటలు."

నవ్వాడు. "నేను ఎవలు తినకున్నా వాయిస్తున్న. రా, కూసో."

కాలేజీలో ఉన్నప్పుడు హాస్టల్ మిత్రుడొకడు ఇచ్చిన క్యాసెట్లు విని విని, వెనక్కి తిప్పి తిప్పి, ఒక్కో స్వరం ఏరుకుని నేర్చుకున్నాడట. నాకంటే చాలా ఎక్కువ వచ్చు. అయితే ఇంకో మనిషితో కలిసి ఎప్పుడూ వాయించలేదు. ఆ రోజు నేను మోటారు సంగతి మరిచిపోయాను. సాయంత్రం వాళ్ళ అన్న వచ్చి, "ఏందిది, మోటార్ పండుకున్నది, మీరు పాటలు పాడుతుండ్రు. తోటకు నీళ్ళు నువ్వు పోస్తవా నోట్లకెల్లి?" అని నన్నే అడిగాడు.

సోమవారాలు

ఆదివారం నాకు రిసార్టు, మంగళవారం నుంచి దుకాణంలో రద్దీ. అందుకే సోమవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక షెడ్డుకు పోయేవాణ్ణి. మాకు ఒక పద్ధతి కుదిరింది. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నతో రావాలి. పాట వాయించడం తర్వాత, ముందు ప్రశ్న. ప్రశ్న అడిగినవాడు వెనక కార్డులు, అంటే కలిసి మోగే స్వరాల గుత్తులు, వాయిస్తూ ఉండాలి, రెండోవాడు జవాబు గిటార్ మీదే చెప్పాలి. నోటితో చెబితే ఒప్పుకునేది లేదు. తెలిసినది చెప్పడం కన్నా, అడిగినవాడికి ఆసరాగా వాయిస్తూ వినడం కష్టమని నాకు అక్కడే తెలిసింది.

మాధవ్ జవాబులు ఎప్పుడూ ఉరుకులే. మంచి మంచి స్వరాలు, కాని నడక నిలకడగా ఉండేది కాదు, ముందుకు దూకేవాడు. క్యాసెట్ మన కోసం ఆగదు, వేగం తగ్గించదు, అందుకని దాన్ని పట్టుకోవడానికి పరుగెత్తడం అలవాటైంది.

"పటేలా, బస్సు పోతలేదు. కొంచెం నిలబడు" అనేవాణ్ణి.

"నువ్వేంది, ఆర్టీసీ కంట్రోలర్ లెక్క గడియారం పట్టుకొని కూసున్నవ్. జర పాటను కూడా విను."

ఇద్దరం చెప్పుకున్నదీ నిజమే. నేను అతనికి నడక ఇచ్చాను. అతను నాకు చెవి ఇచ్చాడు. అప్పటిదాకా నేను కార్డ్ అంటే వేళ్ళు పెట్టే చోట్లు అనుకునేవాణ్ణి. ఒక్కో స్వరాన్ని విడిగా వినమని కూర్చోబెట్టింది మాధవ్.

షెడ్డులో ఉన్నది ఒకటే యాంప్లిఫయర్, రెండు సాకెట్లు. మూడు ఫేజుల కరెంటు వచ్చి బోరు నడిస్తే అందులో గుర్రుమనే శబ్దం మొదలయ్యేది. ఆ గుర్రు మా స్వరాల్లో దేనికీ సరిగ్గా కుదరదు, రెండు ఫ్రెట్ల మధ్యన ఎక్కడో ఉంటుంది. చాలాసార్లు కొలిచి చూశాను.

వాళ్ళ అన్న అప్పుడప్పుడు తలుపులో నిలబడి చూసి, "మోటార్ కాలిందని పిలిస్తే రెండు దినాలకు వస్తవ్, సోమవారం పిలువకున్నా వస్తవ్" అని వెళ్ళిపోయేవాడు. చెడ్డవాడు కాదు. తోట బరువంతా ఆయన మీదే ఉండేది. ఊళ్ళో వాళ్ళు, "మీ తమ్ముడు ఇంకా గది టుంగు టుంగుమనిపిస్తుండా?" అని అడిగితే జవాబు చెప్పవలసింది ఆయనే.

ఆరు ఫ్రెట్ల అవతల

ఒక సోమవారం నా ప్రశ్న లెక్క ప్రశ్న. పన్నెండులో సగం ఆరు. ఒక సెవెన్త్ కార్డ్ వాయించాల్సిన చోట, సరిగ్గా ఆరు ఫ్రెట్ల అవతల ఉన్న సెవెన్త్ కార్డ్ వాయిస్తే ఏమవుతుంది?

దీనికి కొంచెం వివరం అవసరం. సెవెన్త్ కార్డులో నాలుగు స్వరాలుంటాయి. అడుగు స్వరం, దాని నుంచి సరిగమల్లో లెక్కపెడితే ఐదోది, ఇవి రెండూ గోడల్లాంటివి. మూడోది, ఏడోది లోపలివి. మూడోది కార్డ్ మొహం నవ్వుతోందా ముడుచుకుందా చెబుతుంది. ఏడోది అక్కడ ఆగాలా ముందుకు పోవాలా చెబుతుంది. నేను కాగితం లేకుండా వేళ్ళ మీద లెక్క వేసుకుంటే ఒక వింత తేలింది. ఆరు ఫ్రెట్లు జరిగితే గోడలు రెండూ మారతాయి, లోపలివి రెండూ మారవు. ఒకదాని చోట్లో ఇంకొకటి కూర్చుంటుంది, అంతే.

మాధవ్ వాయించి చూశాడు. మళ్ళీ వాయించాడు. "నర్సింగ, గిది ఎక్కడ విన్నవ్?"

"ఎక్కడ వినలే. లెక్క తీసిన."

"లెక్కల గింత రంగు ఉంటదా" అని సాయంత్రం దాకా దానితోనే ఆడుకున్నాడు. ఇది లోకంలో ఎందరికో ఎప్పటినుంచో తెలిసిన సంగతేనని తర్వాత తెలిసింది. అయినా మేము కనుక్కున్న రోజు మాదే. ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు అది ఒక్క కార్డ్ మాత్రమే అయ్యేది.

వేళ్ళు

తర్వాత కొన్నేళ్ళకు నా ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు మొరాయించాయి. నొప్పి లేదు, వాపు లేదు. బకెట్ పట్టుకుంటే, కాయిల్ చుడితే, రెండూ చక్కగా పనిచేస్తాయి. గిటార్ మెడ మీద పెట్టగానే లోపలికి ముడుచుకుపోతాయి. మొదట నేను సరిగ్గా సాధన చెయ్యడం లేదనుకుని ఇంకా ఎక్కువ వాయించాను. అది మరీ పాడు చేసింది. మీకెవరికైనా ఇలా మొదలైతే, దయచేసి పంతం పట్టకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. సికింద్రాబాద్‌లో నేను చూపించుకున్న డాక్టరు చేయి బాగానే ఉందన్నాడు, చేతికి ఆజ్ఞ ఇచ్చే చోట ఒకే పని చేసి చేసి దారి చెరిగిందన్నాడు. మందు లేదు, విశ్రాంతి ఇవ్వమన్నాడు.

మా పనిలో విశ్రాంతి అంటే బద్లీ. రాలేనివాడు తన బదులు ఇంకొకరిని పంపాలి, అది మన బాధ్యత. దానితో పాటు ఎక్కడా రాయని నియమం ఇంకొకటి ఉంది. పంపిన మనిషి లీడరుకు నచ్చితే ఆ జాగ అతనిదే అయిపోవచ్చు. ఇందులో మోసం లేదు, అందరికీ తెలుసు. అందుకే తెలివైనవాళ్ళు తమకంటే కొంచెం తక్కువ వాయించేవాణ్ణి బద్లీగా పంపుతారు.

నాకు తెలిసినవాళ్ళలో అలాంటివాడు ఒకడున్నాడు. అతన్ని పంపితే నా జాగ భద్రంగా ఉండేది. కాని ఆల్బర్ట్ మాస్టర్‌కు తక్కువ సరుకు అంటగట్టడం మనసొప్పలేదు. ఇంకోపక్క మాధవ్‌ను పంపితే నేను తిరిగిరాకపోవచ్చు. దుకాణంతో ఇల్లు గడిచేది. కాని నేనెవరినని ఎవరైనా అడిగితే గిటారిస్టునని చెప్పుకోవడానికి నాకున్నది ఆ ఒక్క ఆదివారమే.

సోమవారం షెడ్డులో అడిగాను. "పటేలా, నా బదులు రిసార్ట్‌కు పోతవా?"

నీలం వేళ్ళతో తీగ తుడుస్తూ, "మందిల వాయించాల్నా?" అన్నాడు.

"మంది నిన్ను చూడరు. పెరుగన్నం అడుగుతరు, అంతే."

"నీకు మళ్ళ జాగ దొరకకుంటే?"

"అది తర్వాత సంగతి."

"తర్వాత సంగతి కాదు నర్సింగ. ఇప్పటి సంగతే." అయినా వెళ్ళాడు. వెళ్ళాలని అతనికి ఎంత ఉందో మొహం మీద కనిపించింది. నలభై దాటిన మనిషి, తెల్ల చొక్కా కొత్తది కుట్టించుకున్నాడు.

జాగ

అందరికీ నచ్చాడు. తింటున్న జనం కొందరు చెంచాలు దించి చూశారని మా డ్రమ్మరు చెప్పాడు. నాకు అలా ఎప్పుడూ జరగలేదు. కొన్ని వారాలకే ఆల్బర్ట్ మాస్టర్ అతన్ని ఉండిపొమ్మన్నాడు. మాధవ్ నేరుగా నా దుకాణానికే వచ్చాడు.

"మాస్టర్ ఉండుమంటుండు. నువ్వు వద్దంటే ఉండ."

"ఉండు."

"మనసుల పెట్టుకొని అంటున్నవా?"

"మనసుల ఉన్నది పటేలా. ఉన్నా గానీ ఉండు." అంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు.

సోమవారాలు మాత్రం మానలేదు. ముడుచుకునే రెండు వేళ్ళను వదిలేసి, మిగిలిన చూపుడు వేలు, నడిమి వేలుతో అతని వెనక ఏదో ఒకటి వాయించేవాణ్ణి. నాలుగు స్వరాల్లో ఏ రెండు ఉంచాలి? గోడలు తీసేశాను. బ్యాండులో అయితే అడుగు స్వరం ఎలాగూ బేస్ గిటార్ చూసుకుంటుంది. లోపలివి రెండూ ఉంచాను. వింటే అది కుంటి కార్డులా లేదు. మాధవ్ ఉరకడానికి చోటు దొరికినట్టు ఉంది. అతను దాన్ని గమనించలేదు, నా చెయ్యి బాగా లేక తక్కువ వాయిస్తున్నానని అనుకున్నాడు. నేనూ చెప్పలేదు. రెండు వేళ్ళ వాయింపు ఎవరికైనా చెప్పుకునే సంగతని నాకు తోచలేదు.

ఇంతలో రిసార్టులో చిక్కు వచ్చింది. మా బ్యాండులో పాడే శైలజ మేడం నెమ్మదైన మనిషి, ఎవరి మీదా పితూరీ చెప్పదు. ఆవిడే ఆల్బర్ట్ మాస్టర్‌తో, "మాస్టారూ, ఆయన వాయిస్తుంటే నా స్వరం నాకు దొరకడం లేదు. బాగా వాయిస్తారు, కాదనను. కాని నేను కాలు పెట్టేలోపే మెట్టు లాగేసినట్టు ఉంటోంది" అంది. ఒక ఆదివారం పాట మధ్యలో నిజంగానే ఆగిపోయింది. ఆల్బర్ట్ మాస్టర్ మాధవ్‌ను పక్కకు పిలిచి, "ఇంకొక్క ఆదివారం చూస్తా రెడ్డి సాబ్. పాట లేకుంటే నాకు ఈ పని లేదు" అన్నాడు.

మర్నాడు షెడ్డులో మాధవ్ గిటార్ పెట్టెలోంచి తియ్యలేదు.

"అన్నకు తెలిస్తే నవ్వుతడు" అన్నాడు. మళ్ళీ తనే, "నవ్వకున్నా నవ్వినట్టే ఉంటది."

"ఏ పాట?"

చెప్పాడు. ఏ చోట? చూపించాడు. అక్కడ జి సెవెన్త్ రావాలి, అంటే జి అడుగు స్వరంగా ఉన్న సెవెన్త్ కార్డ్. దాని బదులు మా ఆరు ఫ్రెట్ల కార్డ్ వాయించాడు, నాలుగు స్వరాలూ నిండుగా. ఆ పాటలోనే కాదు, ప్రతి పాటలో, ప్రతి చోటా అదే వాయిస్తున్నాడు. అది అతనికి అంత ఇష్టం.

నాకు లెక్క వెంటనే తేలింది. ఆ చోట శైలజ మేడం పాడే స్వరం డి, అంటే జి కార్డులో ఐదోది. ఆరు ఫ్రెట్లు జరిగితే కొత్త అడుగు స్వరం డికి సరిగ్గా పక్క ఫ్రెట్. పక్కపక్క ఫ్రెట్లు రెండూ ఒకేసారి మోగితే గొంతు ఎటు పోవాలి? షెడ్డులో ఇది మాకు ఎన్నడూ తెలియలేదు. ఇన్నేళ్ళూ రెండు గిటార్లే గాని, పాడే మనిషి లేదు. లెక్కలో ఆవిడ లేదు.

నేను నోరు విప్పకపోతే వచ్చే ఆదివారం తర్వాత ఆ జాగ ఖాళీ. నా రెండు వేళ్ళ వాయింపు పాటకు సరిపోతుందని కూడా ఆ నిమిషంలోనే అర్థమైంది. గోడలు వాయించని చోట గొంతుకు తగిలేది ఏమీ ఉండదు. ఈ రెండు సంగతులూ ఒకదాని పక్కన ఒకటి మనసులో నిలబడ్డాయి. కాని ఆ కార్డ్ మా ఇద్దరిదీ. దాని తప్పు అతనొక్కడి మీద పడేస్తే సోమవారాలకు అర్థం లేదు. చెప్పాను. నా గిటార్ తీసి, నోటితో ఆ పాటను కూనిరాగం తీస్తూ, రెండు స్వరాలతో వాయించి చూపించాను.

మాధవ్ నా వేళ్ళ వైపే చూశాడు. "ఇన్ని దినాల సంది గిట్ల వాయిస్తున్నవా? నా ఎనక?"

"వేరే తీరు వస్తలేదు గదా."

"మరి చెప్పాలె గదా."

"నువ్వు అడగలే. ఉరుకుతుంటివి."

నేర్చుకుంటానన్నాడు. సాయంత్రం దాకా ప్రయత్నించాడు. మామూలు జి సెవెన్తే వాయిద్దామన్నా చెయ్యి తెలియకుండానే ఆరు ఫ్రెట్లు జరిగేది. రెండు స్వరాలు వాయించి ఆగడం అతనికి చేతనయ్యేది కాదు, ఖాళీ వేళ్ళు వాటంతట అవే ఏదో ఒక తీగ పట్టుకునేవి. "చెయ్యి ఊకుంటలేదు నర్సింగ" అని నవ్వాడు గాని కళ్ళలో నవ్వు లేదు. చివరికి గిటార్ పక్కన పెట్టి, "పాట నీది. నువ్వే పో" అన్నాడు.

నాకు పోవాలని ఎంత ఉందో, అతనికి ఉండాలని అంతే ఉంది. అలాంటప్పుడు ఎవరైనా ఒకరు త్యాగం చేస్తే చూసేవాళ్ళకు బాగుంటుంది గాని, తర్వాత సోమవారాలు పాడవుతాయి. నేను ఆదివారం మధ్యాహ్నాన్ని లెక్క వేశాను. జనం వచ్చి కూర్చునేటప్పుడు ఉత్త వాద్యాలే. శైలజ మేడం వచ్చేది తర్వాత, అందరి ప్లేట్లూ నిండాక. మొదటి సగానికి మాధవ్ లాంటివాడు కావాలి. రెండో సగానికి నాలాంటివాడు చాలు.

"ఒక్క జాగను నడుమకు కోద్దామా పటేలా?"

"మాస్టర్ ఒప్పుకుంటడా?"

"అడిగితే తెలుస్తది."

ఒక చుట్టు

ఆదివారం ఇద్దరం కలిసే పోయాం, మాధవ్ స్కూటర్ మీద, వెనక నేను రెండు గిటార్లతో. ఆల్బర్ట్ మాస్టర్ విని, కీబోర్డు వైర్లు పెట్టుకుంటూనే, "ఒక్క జాగకు ఇద్దరు ఆసాములా?" అన్నాడు. రెండు షరతులు పెట్టాడు. స్టేజీ మీద ఇద్దరు గిటారిస్టులు కూర్చోవడానికి లేదు, రిసార్టువాళ్ళు అడుగుతారు. మనిషి మారేటప్పుడు వాయింపు ఆగడానికి లేదు. "మనం ఆగితే ప్లేట్ల చప్పుడు వినబడతది. ప్లేట్ల చప్పుడు వినబడితే మేనేజర్ లేచి వస్తడు."

రెండు షరతులూ కలిపి చూస్తే ఒక్కటే దారి. మాధవ్ ఆఖరి కార్డులు వాయిస్తూ ఉండగానే నేను యాంప్లిఫయర్ రెండో సాకెట్లో నా గిటార్ వైరు పెట్టి, పక్కన నిలబడి అందుకోవాలి. నేను అందుకున్నాక అతను లేవాలి. దీనికి ఒక చుట్టు పడుతుంది. చుట్టు అంటే పాటలోని కార్డులన్నీ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి తిరిగి రావడం. ఆ ఒక్క చుట్టు ఇద్దరం వాయిస్తాం. మాస్టర్ దానికి సరేనన్నాడు.

తోట ప్లాట్లయ్యేదాకా, ఆ తర్వాత షెడ్డు లేక మా దుకాణం వెనక కూర్చున్న రోజుల్లో కూడా, మా పని ఆ పద్ధతి మీదే నడిచింది. పదిమంది ముందు మేమిద్దరం కలిసి వాయించింది ఆ చుట్టులోనే. పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగేది కూడా అక్కడే ఉంది. మీతో కలిసి ప్రశ్నలు అడిగే ఒక మనిషిని వెతుక్కోండి. అతను మీకంటే బాగా వాయిస్తే ఇంకా మంచిది, కొంత నష్టమూ ఉంటుంది, దానికి సిద్ధపడండి. పాడేవాళ్ళు ఉంటే మీ లెక్కలో వాళ్ళను ముందు వేసుకోండి.

ఆ మొదటి ఆదివారం సంగతి చెప్పి ఆపుతాను. మాధవ్ సగం అయ్యేసరికి లాన్ మీద బల్లలన్నీ నిండాయి. శైలజ మేడం చెరువు వైపు నుంచి వచ్చి మైకు దగ్గర నిలబడింది. మాస్టర్ నా వైపు తల ఊపాడు. నేను వైరు పెట్టి, పక్కన నిలబడి, రెండు వేళ్ళతో రెండు స్వరాలు మోగించాను. మాధవ్‌కు కింద నేల దొరికినట్టు అయింది. ఉరకలేదు. షెడ్డులో ఎన్నడూ వాయించనంత నిదానంగా, ఒక్కో స్వరం పెట్టి, అది మోగేదాకా ఆగి, ఇంకోటి పెట్టాడు. చుట్టు పూర్తయింది. అతను గిటార్ మెడ మీది నుంచి చెయ్యి తీసి, లేవడానికి ముందుకు వంగాడు. శైలజ మేడం పాడడానికి మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. మా ఇద్దరి వైపు ఒకసారి చూసింది. మైకు మళ్ళీ దించి, ఇంకో చుట్టు వాయించమని చేత్తో సైగ చేసింది.